గేమ్ కిట్ కొన్నారా? సోల్డర్ పెట్టకముందే ఆ సెల్స్‌ని కాటా మీద తూచండి

రీల్స్‌లో ఒక కిట్ తెగ తిరుగుతోంది, "మీ వీడియో గేమ్ మీరే తయారు చేసుకోండి" అని. చేత్తో పట్టుకుని ఆడుకునే పాతకాలం గేమ్ మెషీన్ అది. చిన్న స్క్రీను, బటన్లు, బోర్డు, 128 జీబీ మెమరీ కార్డు, చార్జింగ్ మాడ్యూలు, "9900 ఎంఏహెచ్" (సెల్ ఎంత చార్జి దాచుకోగలదో చెప్పే కొలత) అని రాసిన రెండు లిథియం సెల్స్, ఒక సోల్డర్ (టంకం) వైరు చుట్ట. ధర 2,349 రూపాయలు, కొరియర్ ఫ్రీ. మన విజయనగరంలోనూ, రాజాం, టెక్కలి వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లల్లోనూ ఇది కొన్నవాళ్లున్నారు. "అన్నా, ఇది ఆన్ అవట్లేదు, ఓసారి చూస్తావా" అంటూ నా దగ్గరికి పట్టుకొచ్చారు కాబట్టి చెబుతున్నా. ఆ పార్సిల్ మీ ఇంటికి వచ్చేసి ఉంటే ముందు ఒక పని చెయ్యండి. సెల్స్ చార్జింగ్‌లో ఉంటే తీసెయ్యండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మాది దాసన్నపేట. డ్యూటీ దిగి ఇంటికొచ్చానంటే అయితే వంటింట్లో ఉంటాను, లేకపోతే కిటికీ పక్కన మల్టీమీటరూ సోల్డరింగ్ ఐరనూ సర్దుకున్న బల్ల దగ్గర ఉంటాను. ఈ కిట్ తెప్పించింది మా అక్క కొడుకు సెలవులకి వస్తున్నాడని. బిగించడంలో ఏ ఇబ్బందీ రాలేదు. బోర్డు శుభ్రంగా ఉంది, స్క్రీను చక్కగా వెలిగింది, ఆ మాట కూడా చెప్పాలి కదా. వాడు సోఫాలో కాళ్లు చాపుకుని ఆట మొదలెట్టాడు. అరగంటైనా కాలేదు, "ఏటి మావయ్యా, ఇది ఆగిపోనాది" అంటూ తెచ్చిచ్చాడు. చార్జింగ్‌కి పెట్టాం. కాసేపటికి లోపలి గదిలోంచి మా అమ్మ, "ఏట్రా ఆ వాసన, పొయ్యి మీద ఏదైనా మాడతాందేటి?" అంది. పొయ్యి మీద ఏమీ లేదు. గేమ్ వెనక మూత తీస్తే ఒక సెల్ వేలు ఆనించలేనంత వేడిగా ఉంది. దాని పక్కది గోరువెచ్చగా ఉంది. రెండిటికీ ఒకే రంగు, ఒకే రాత, ఒకే కవర్లో వచ్చిన జత!

ఈ సెల్స్‌ని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, కొలతే పేరు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోనూ చాలా పవర్ బ్యాంకుల్లోనూ ఉండేవి ఇవే. ఈ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్ కొన్నా 3500 ఎంఏహెచ్‌కి కాస్త అటూ ఇటూ వస్తుంది. కాబట్టి 9900 అంకెని నేను మొదట్నుంచీ నమ్మలేదు. రెండు వేలు వచ్చినా పిల్లాడి ఆటకి చాలనే కొన్నాను. అంకె పెంచి రాసుకోవడం మన బజారులో కొత్తేమీ కాదు. కానీ లోపల సరుకే వేరేది పెట్టి అమ్మడం వేరే సంగతి, అందులో ఇల్లు తగలబడే ప్రమాదం ఉంది.

సెల్ విప్పకుండా లోపల సరుకెంతుందో తెలుసుకోవాలంటే తేలికైన దారి బరువు చూడటమే. లోపలంతా రసాయనం పూసిన రాగి, అల్యూమినియం రేకులు చుట్టగా చుట్టి ఉంటాయి. అవి తగ్గితే బరువూ తగ్గుతుంది. అసలైన 18650 సుమారు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. మా ఇంట్లో కేకులకి మైదా, వెన్న తూచుకునే డిజిటల్ కాటా ఉంది. దాని మీద కాగితం పరిచి పెట్టి చూశాను. వేడెక్కిన సెల్ 31 గ్రాములు, పక్కది 44. (సెల్ పెట్టిన కాటా మళ్లీ వంటకి పనికిరాదని మా ఆవిడ తేల్చేసింది. కొత్తదాని ఖర్చు కూడా ఆ అమ్మినవాడి ఖాతాలోనే రాశాను.)

44 గ్రాములుంది కదా అని ఆ రెండోదాన్ని నమ్మేయకండి. దాన్ని తిరగేసి, మైనస్ వైపు అడుగు మీద ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూశాను. మధ్యలో సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, వాటి చుట్టూ గరుకు కాగితంతో రుద్దిన మెరుపు. అవి స్పాట్ వెల్డింగ్ మచ్చలు. కొత్తగా విడిగా అమ్మే సెల్‌కి అవి ఉండవు. ఏదో బ్యాటరీ ప్యాకులో నికెల్ పట్టీతో అతికించి, తర్వాత పీకేసిన సెల్‌కే ఉంటాయి. నీలం రేపరు అంచు ఒకచోట లేచి ఉంది, దాని కింద ఆకుపచ్చ రేపరు కనబడింది. ఎవరో వాడి పారేసినదానికి కొత్త చొక్కా తొడిగి పంపారన్నమాట. మీరు కూడా చూద్దామని బ్లేడు మాత్రం తియ్యకండి. ఆ రేపరు కింద డబ్బా మొత్తం మైనస్సే, ప్లస్ చుట్టూ ఉన్న ఖాళీ వెంట్రుకవాసి. అక్కడ బ్లేడు తగిలిందంటే షార్టే.

కెపాసిటీ కూడా కొలిచాను, ఇంట్లో కాదు, డాబా మీద. మట్టి మూకుడులో ఇసుక పోసి, అందులో సెల్ పెట్టి, 250 మిల్లీ ఆంపియర్ల దగ్గర నెమ్మదిగా నింపాను. తర్వాత 4.7 ఓముల 10 వాట్ల సిమెంటు రెసిస్టరు తగిలించి, 4.2 వోల్టుల నుంచి 3 వోల్టులకి ఎంతసేపట్లో దిగుతుందో చూశాను. ఆ రెసిస్టరు మీద సగటున ముప్పావు ఆంపియరు పైచిలుకు పారుతుంది. నిజంగా 3000 ఎంఏహెచ్ ఉన్న సెల్ మూడున్నర గంటలు దాటి లాగాలి. తేలిక సెల్ గంట తిరక్కుండానే చతికిలపడింది, అంటే 700 చిల్లర. పాత సెల్ గంటన్నర లాగింది. ఈ పరీక్ష అందరూ చెయ్యాలని నేననను. వేడెక్కిన సెల్‌తో అసలే వద్దు. తూకం, టార్చి చాలు.

ఇక చార్జింగ్ మాడ్యూలు. ప్రకటనలో చూపించింది రక్షణ ఉన్న రకం. దాని మీద మూడు చిప్పులుంటాయి: టీపీ4056, డీడబ్ల్యూ01, 8205ఏ. సెల్‌కి బీ+, బీ- అని రెండు ప్యాడ్లు (వైరు అతికించే చోట్లు), గేమ్‌కి అవుట్+, అవుట్- అని విడిగా ఇంకో రెండు. పార్సిల్‌లో వచ్చినదాంట్లో టీపీ4056 ఒక్కటే ఉంది, అవుట్ ప్యాడ్లే లేవు. టీపీ4056 సెల్‌ని 4.2 వోల్టుల దాకా నింపి ఆపుతుంది, దాని పని అంతే. సెల్ మరీ అడుగంటిపోతున్నా, బయట షార్టయినా గేమ్‌కి వెళ్లే కరెంటు తెంపేది మిగతా రెండు చిప్పులూ. డీడబ్ల్యూ01 సుమారు 2.4 వోల్టుల దగ్గర తెంపేస్తుంది. అది లేకపోతే పిల్లలు స్విచ్ ఆపకుండా పక్కన పడేసిన గేమ్ రాత్రంతా సెల్‌ని పీలుస్తూనే ఉంటుంది. అలా అడుగంటిన సెల్‌లో రాగి కరిగి, మళ్లీ చార్జి చేసినప్పుడు లోపల్లోపలే షార్టు పడే ప్రమాదముంది. పైగా ఆ మాడ్యూలు మీద చిన్న నల్ల రెసిస్టరు ఉంటుంది, "122" అని రాసి. అంటే 1.2 కిలో ఓములు, అంటే చార్జింగ్ కరెంటు 1 ఆంపియరు. నిజమైన 3000 సెల్‌కి అది హాయి. 700 సెల్‌కి, అదీ వేరే జాతి సెల్‌తో పక్కపక్కన ప్యారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపి పెట్టినప్పుడు, ఏ సెల్ ఎంత మింగుతుందో ఎవరూ చెప్పలేరు. రెండు మాడ్యూళ్ల ధరలో తేడా కొన్ని రూపాయలే. ఆ కొన్ని రూపాయల దగ్గర కక్కుర్తి పడ్డాడు చూడండి, నాకు ఒళ్లు మండింది అక్కడే.

మెమరీ కార్డు సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. కంప్యూటర్లో 128 జీబీ అనే కనబడుతుంది, ఎందుకంటే అలా చెప్పమని కార్డు లోపలి కంట్రోలరుకి నేర్పించారు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అని ఉచిత ప్రోగ్రాములున్నాయి, కార్డు నిండా రాసి తిరిగి చదివి చూస్తాయి. నా కార్డు 8 జీబీలోపే చేతులెత్తేసింది. "10,000 గేములు" అన్నదాంట్లో ఒకే ఆట పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది.

ఇదే అమ్మకందారు దగ్గర చలికాలంలో ఇడ్లీ పిండి పులియబెట్టే పెట్టె కోసమని థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే) సెట్టు కొన్నవాళ్లు కూడా ఉన్నారు. మా వీధిలో ఒక పిన్నిగారింట్లో చూశాను. ఐసు ముక్కలు వేసిన నీళ్లలో సెన్సారు పెడితే సున్నా దగ్గర ఉండాలి కదా, 6 డిగ్రీలు చూపించింది. పిండి విషయంలో అది చిన్న తప్పే. దానితో వచ్చిన 12 వోల్టుల అడాప్టరు మీద మాత్రం బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) గుర్తు గానీ, ఆ సంస్థ ఇచ్చే ఆర్-నంబరు (రిజిస్ట్రేషన్ నంబరు) గానీ లేవు. "రాత్రంతా ప్లగ్గులో ఉంచకండి పిన్నిగారూ" అని చెప్పి తీయించేశాను. ఇలాంటి అడాప్టర్లకీ లిథియం సెల్స్‌కీ మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సెల్స్‌కి ఐఎస్ 16046 ప్రమాణం. ఒకవేళ ఆర్-నంబరు వేసి ఉన్నా దాన్ని ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఎవరి పేరు మీద ఉందో, ఏ వస్తువుకి ఇచ్చారో చూపిస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. ఫొటోలు పంపి డబ్బు వెనక్కివ్వమని అడిగితే వచ్చిన జవాబు: "సోల్డర్ తగిలితే రిటర్న్ లేదు సార్, మా పాలసీలో ఉంది." సోల్డర్ చెయ్యకుండా కిట్ పనిచేస్తుందో లేదో తెలీదు. సోల్డర్ చేస్తే వాపసు లేదు. ఎటు తిరిగినా కొన్నవాడే నష్టపోయేలా కట్టిన పాలసీ అది. సెల్ బరువుల ఫొటో పెడితే "వేడెక్కడం నార్మల్ సార్" అన్నాడు. వెల్డింగ్ మచ్చల ఫొటో పెట్టాక నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు యూపీఐలో ఎవరో వ్యక్తి పేరు మీద వెళ్లింది, బిల్లు అడిగితే "పార్సిల్‌లో వస్తుంది" అన్నారు, రాలేదు.

అందుకే పార్సిల్ కోసేటప్పుడే వీడియో తియ్యండి, కొరియర్ లేబుల్ కనబడేలా. అదే వీడియోలో సెల్స్‌ని కాటా మీద పెట్టండి, అడుగు చూపించండి, మాడ్యూలు మీద చిప్పులు దగ్గరగా చూపించండి. వీటిలో దేనికీ సోల్డర్ అక్కర్లేదు, కాబట్టి ఆ పాలసీ మాట మీ ముందు చెల్లదు. ఆ మాటకొస్తే చట్టం ముందూ చెల్లదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు.

ముందు 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడొచ్చు. కొందరు 1930కి చేస్తున్నారు. అది సైబర్ మోసాలకి. డబ్బు తీసుకుని అసలు సరుకే పంపకపోతే అక్కడికి వెళ్లాలి, నాసిరకం సరుకు పంపిన గొడవకి కాదు. 1915లో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి.

కిట్ ఇప్పటికే ఉన్నవాళ్లు బోర్డు పారెయ్యకండి, దాని తప్పేమీ లేదు. సెల్స్ మాత్రం మార్చండి. బిల్లిచ్చే షాపులో, ఒకే బ్యాచ్‌వి రెండు, రక్షణ ఉన్న మాడ్యూలుతో సహా కొనుక్కోండి. విశాఖ వెళ్లే పని ఉన్నప్పుడు జేబులో చిన్న కాటా వేసుకుని వెళ్లి కౌంటరు మీదే తూచండి. షాపువాడు నవ్వితే నవ్వనీండి. తీసేసిన సెల్స్‌ని మున్సిపాలిటీ చెత్తబండిలో వెయ్యకండి. రెండు కొసలకీ టేపు అంటించి, మూకుడులో ఇసుకలో, ఇంట్లో కాకుండా బయట ఉంచండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని మామూలు చెత్తతో కలపకూడదు, విడిగా సేకరణకే ఇవ్వాలి. నా రెండింటికీ ఇంకా చోటు మార్చలేదు, అవి సాక్ష్యం కూడా కదా.

1915లో నా ఫిర్యాదు నమోదైంది. ఒకే సరుకు విషయంలో నష్టపోయినవాళ్లు కలిసి, కమిషన్ అనుమతితో ఒకే కేసుగా వెయ్యడానికి చట్టంలో వీలుంది. ఇదే కిట్ కొన్న విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లు యూపీఐ రసీదు, పార్సిల్ లేబుల్, కాటా మీద సెల్ ఫొటో, అడుగు ఫొటో, ఈ నాలుగూ దాచిపెట్టి నాకు చెప్పండి.