కట్టెల పొయ్యికి ఏది మేలు: పచ్చి కట్టా, అరకొరగా ఆరినదా, మరీ ఎండినదా?

కట్టె ఎంత ఎండితే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. ఆరుబయట మంటకైతే ఆ మాట దాదాపు నిజమే. కానీ తలుపు, పొగగొట్టం, గాలిని తగ్గించే మీట ఉన్న ఇనప పొయ్యికి ఒక హద్దు ఉంది. కట్టె బరువులో తడి 15 నుంచి 20 శాతం మధ్య ఉండాలి. నా ఓటు దానికే. అంతకంటే తడిదీ వద్దు, మరీ ఎండినదీ అక్కర్లేదు.

ముందు పచ్చి కట్టె సంగతి. అప్పుడే నరికిన చెట్టు బరువులో చాలాసార్లు సగం దాకా నీళ్లే ఉంటాయి. 20 శాతం తడి ఉన్న కిలో కట్టెలో సుమారు 4 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి దొరుకుతుంది. 50 శాతం తడి ఉంటే అది రెండు యూనిట్ల పైచిలుకే. నీళ్లను ఆవిరి చేయడానికే వేడంతా పోతోందని అంటారు గానీ, లెక్క వేస్తే అందులో పోయేది తక్కువే. కిలో తూకంలో అసలు కట్టె అరకిలోనే కావడం పెద్ద కారణం.

పొయ్యిలో జరిగే నష్టం ఈ లెక్కకు అందదు. కట్టెలోని వేడిలో సగానికి పైగా దాని నుంచి వెలువడే వాయువుల్లోనే ఉంటుంది. అవి పూర్తిగా మండాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తడి ఆరేదాకా పొయ్యి అంత వేడెక్కదు. దాంతో ఆ వాయువులు మండకుండానే పొగగా పైకి పోతాయి. పొగగొట్టం చల్లగా ఉన్నచోట ఆ పొగ గోడలకు పట్టి తారులాంటి క్రియోసోట్‌గా పేరుకుంటుంది. అది అంటుకుంటే గొట్టంలోనే మంట లేస్తుంది. ఇల్లు తగలబడే ప్రమాదం ఉంది కాబట్టి పచ్చి కట్టె గురించి ఇంకో ఆలోచనే వద్దు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం అరకొరగా ఆరిన కట్టె, అంటే తడి 25 నుంచి 30 శాతం ఉన్నది. పచ్చిది అంటుకోనని మొండికేస్తుంది, కనీసం తెలిసిపోతుంది. ఇది అంటుకుంటుంది, మంట కనిపిస్తుంది, గదిలోకి కాస్త సెగ కూడా వస్తుంది. అందుకే పరవాలేదనుకుని రోజూ వేస్తూ పోతారు. చివర్ల నుంచి సుయ్యిమని శబ్దం, బుడగలు, గంటలోపే నల్లబడే తలుపు అద్దం, మంట నిలవాలంటే గాలి మీట పూర్తిగా తెరిచే ఉంచాల్సి రావడం: గుర్తులు ఇవే. రాత్రంతా నిలవాలని ఇలాంటి కట్టెలు నిండా పేర్చి గాలి తగ్గించేస్తే, తెల్లవార్లూ క్రియోసోట్ తయారవుతూనే ఉంటుంది. ఎండిన వాటితో కలిపి వేస్తే సర్దుకుంటుందనే మాటా నేను ఒప్పుకోను. ఎండు కట్టె ఇచ్చే వేడిని తడి కట్టె తినేస్తుంది, అంతే.

మరీ ఎండిన కట్టె, అంటే బట్టీలో ఆరబెట్టి 10 శాతం కంటే కిందికి దించినదైతే ఇంకా మేలు కదా? చల్లారిన పొయ్యిలో మంట త్వరగా రాజేయడానికి సన్నపేళ్లుగా అయితే చాలా మంచిది. కానీ అలాంటి దుంగలతో పొయ్యి నింపితే వాయువులన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. వచ్చే గాలి వాటికి చాలదు, మళ్లీ పొగే. గాలి పెంచితే పొయ్యి అవసరానికి మించి కాలిపోతుంది, కట్టె తొందరగా అయిపోతుంది. వాడక తప్పకపోతే కాస్త లావు ముక్కలు, తక్కువ తక్కువగా వేయాలి. పైగా ఎక్కువ ధర పెట్టి కొన్న ఆ పొడి కట్టెను బయట షెడ్డులో ఉంచితే గాలిలోని చెమ్మను పీల్చుకుని, వాతావరణాన్ని బట్టి మెల్లగా 12 నుంచి 18 శాతానికి చేరుతుంది. ఓపికగా ఎండబెట్టుకున్నదీ దాదాపు అక్కడికే వస్తుంది కాబట్టి, చోటు ఉన్నవాళ్లు డబ్బు అటు పోయక్కర్లేదు.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? చివర్లో పగుళ్లు చూసి నమ్మేయకండి. ఎండు కట్టె బరువుతో పోల్చి చూస్తే తడి సుమారు 30 శాతం దిగగానే కట్టె కుంచించుకుపోవడం మొదలవుతుంది, చివర్లే ముందు ఆరతాయి కాబట్టి అక్కడ పగులుతుంది. లోపల ఇంకా తడే ఉండొచ్చు. బెరడు ఊడిరావడం, రెండు ముక్కలు తట్టితే ఖంగుమనడం కాస్త నయం. తడిని కొలిచే మాయిశ్చర్ మీటర్ అన్నిటికంటే నయం, అదీ దుంగను అప్పటికప్పుడు చీల్చి, లోపలి కొత్త ముఖం మధ్యలో సూదులు గుచ్చితేనే. బయట గుచ్చితే వచ్చేది పైపై అంకె. ఇంకో విషయం: ఈ మీటర్లు మామూలుగా ఎండు కట్టె బరువుతో పోల్చి తడిని చూపిస్తాయి. మొత్తం బరువు లెక్కన 20 శాతం అంటే మీటరులో 25. అయినా మీటరులోనే 20 దిగేదాకా ఆగమంటాను, అప్పుడు ఏ లెక్కన చూసినా భయం లేదు.

ఆ అంకెకు చేరాలంటే నరికిన వెంటనే చీల్చడమే సగం పని. బెరడు తడిని బయటికి పోనివ్వదు, గుండ్రటి దుంగ ఏళ్లు గడిచినా లోపల చెమ్మగానే ఉండగలదు. నేలకు ఎత్తుగా, గాలి తగిలేలా పేర్చి, పైన మాత్రమే కప్పాలి. పక్కలు కూడా పట్టాతో మూసేస్తే తడి లోపలే చిక్కుకుపోతుంది. మెత్తటి జాతులు చాలావరకు ఏడాదిలోపు సిద్ధమవుతాయి. ఓక్ లాంటి గట్టివాటికి రెండేళ్లు పడుతుంది, కాబట్టి వాటిని ఈ చలికాలానికి కాకుండా రెండేళ్ల తర్వాత వచ్చేదానికి లెక్కేసుకుని ఇప్పుడే చీల్చి పెట్టుకోండి.