పాత్రల శిల్పానికి బ్లెండర్: తిరుపతి డిజైన్ విద్యార్థి సమీక్ష

డిజైన్ కోర్సులో చేరినప్పటి నుంచి పాత్రల శిల్పమంతా, అంటే కంప్యూటర్ తెర మీద త్రీడీ మనుషుల్ని చెక్కడం, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తున్నాను. తిరుపతిలో అద్దె గది, 8 నుంచి 16 జీబీ ర్యామ్‌కు పెంచిన పాత ల్యాప్‌టాప్, ఒక చిన్న పెన్ ట్యాబ్లెట్. ఇదీ నా సరంజామా. ఇన్నాళ్లు వాడాక నా అభిప్రాయం ఇది: చెక్కడం నేర్చుకోవడానికి బ్లెండర్ చాలు. శరీర నిర్మాణాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు.

ముందు ఖర్చు సంగతి. బ్లెండర్ పూర్తిగా ఉచితం, 2002 నుంచి ఓపెన్ సోర్స్. సినిమా, గేమ్ స్టూడియోల్లో ఎక్కువగా వాడే శిల్ప సాఫ్ట్‌వేర్ జీబ్రష్‌కు చందా కట్టాలి. ఉద్యోగం వేళకు అది కూడా తెలిసి ఉండటం మంచిదే. కానీ రూపం చూసే కన్ను ఒకసారి ఏర్పడితే, పనిముట్టు మార్చుకోవడం పెద్ద కష్టం కాదు. డబ్బు ఖర్చు పెట్టదలచినవారు పెన్ ట్యాబ్లెట్ మీద పెట్టండి. మౌస్‌తో ఒత్తిడి తేడా చూపలేం, ఒత్తిడి తేడా లేనిదే చర్మం కింద కండ ఉన్నట్టు అనిపించదు.

బ్లెండర్‌లో నేను రోజూ వాడే సదుపాయం వోక్సెల్ రీమెష్. 2019లో 2.81 వెర్షన్‌తో వచ్చింది. ఒక గోళం, ఒక స్థూపం, మరో రెండు ముద్దలు కలిపి మొండెం పేర్చుకుని కంట్రోల్, ఆర్ నొక్కితే అన్నీ ఒకే ముద్దగా అతుక్కుంటాయి, ఉపరితలమంతా సమానమైన గళ్లు పరుచుకుంటాయి. మెడ పొడవు చాలకపోతే గ్రాబ్ బ్రష్‌తో లాగి మళ్లీ రీమెష్ చేస్తే సరి. మట్టితో పనిచేసే స్వేచ్ఛ ఇక్కడే దొరుకుతుంది. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. దగ్గరదగ్గరగా ఉన్న వేళ్లను అది కలిపేస్తుంది, పలుచని చెవి అంచును మింగేస్తుంది. అందుకే చేతులను వేళ్లు బాగా విడదీసి చెక్కుతాను, చెవులను విడి వస్తువులుగా చేసి చివరలో అతికిస్తాను.

ఉపరితలపు గళ్లను మెట్టుమెట్టుగా ఇంకా చిన్నవిగా చీల్చి సన్నని వివరాలు చెక్కనిచ్చే మల్టీరిజల్యూషన్ నాకు తృప్తినివ్వలేదు. మెట్టు పెరిగిన ప్రతిసారీ గళ్ల సంఖ్య నాలుగింతలవుతుంది. నా యంత్రం చర్మ రంధ్రాల దశకు చేరకముందే ఆయాసపడుతుంది. 4.3 వెర్షన్ తరవాత వేగం బాగా పెరిగింది, బ్రష్షులు కూడా తెర అడుగున అందుబాటులోకి వచ్చాయి. అయినా విద్యార్థికి చర్మ రంధ్రాలతో తొందరేముంది? పుర్రె కుదరని ముఖం మీద ఎన్ని ముడతలు గీసినా ఆ ముఖానికి ప్రాణం రాదు.

పుర్రె అధ్యయనానికి తిరుపతిని మించిన ఊరు లేదని నా నమ్మకం. కొండ మీద తలనీలాలు ఇచ్చి దిగివచ్చే భక్తులు బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో ఎప్పుడూ కనిపిస్తారు. గుండుకు రాసిన గంధం మెరుపును తగ్గించేసరికి ఎగుడుదిగుళ్లు స్పష్టంగా తెలుస్తాయి. పక్క నుంచి చూస్తే తల వెనక్కి ఎంత దూరం సాగుతుందో, చెవి తల మధ్యకన్నా ఎంత వెనక ఉంటుందో అర్థమవుతుంది. జుట్టు ఉన్న తలలు మాత్రమే చూసి చెక్కేవారు ఆ వెనక భాగాన్ని దాదాపు ఎప్పుడూ కోసేస్తారు. ఒకాయన బస్సు కోసం నిలబడి వేరుశనగలు నములుతుంటే, దవడతో పాటు కణత మీది కండరం ఉబ్బి తగ్గడం చూశాను. అది కణతను కప్పి, చెంప ఎముక వెనకగా దిగి దవడకు అతుక్కుంటుందని పుస్తకంలో చదివిన మాట ఆ క్షణంలో కళ్లకు కట్టింది. ఎవరికీ ఫోటోలు తీయను. గుర్తుపెట్టుకుని గదికి వచ్చి చెక్కుతాను.

కాళ్ల పాఠం అలిపిరి మెట్ల మీద. ముందు ఎక్కుతున్నవారి పిక్కలు చూడండి: లోపలి వైపు కండ బయటి వైపు కండకన్నా కిందికి దిగి ఉంటుంది. చీలమండ దగ్గర ఇది తిరగబడుతుంది, లోపలి గుబ్బ పైన, బయటిది కింద. ఈ రెండు ఏటవాలు గీతలు కుదిరితే కాలు దానంతటదే నిలబడుతుంది. ముంజేతికైతే మీ చెయ్యే చాలు. అరచేయి పైకి పెట్టినప్పుడు రెండు ఎముకలూ పక్కపక్కన ఉంటాయి, కిందికి తిప్పితే బొటనవేలి వైపు ఎముక రెండోదాన్ని అడ్డంగా దాటుతుంది. మోచేతి మొన మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

బ్లెండర్‌లో ఒక వైపు చెక్కింది రెండో వైపూ అద్దంలోలా వచ్చే సిమెట్రీని మొదట్నుంచీ ఆన్‌లో పెట్టుకోవచ్చు, పని సగానికి తగ్గుతుంది. భంగిమ ఇచ్చే ముందు తప్పకుండా తీసేయండి. బరువు ఒక కాలి మీద పడితే ఆ వైపు కటి పైకి లేస్తుంది, భుజం సాధారణంగా కిందికి వాలుతుంది. రెండు వైపులా ఒకేలా ఉన్న మనిషిలో ఆ బరువు ఎక్కడా కనిపించదు.

ఒక్క కొరత మాత్రం నేనే తీర్చుకున్నాను. బయటి పాఠాలన్నీ మనిషి ఎత్తును తలల లెక్కన, ఏడున్నర లేదా ఎనిమిదిగా చెబుతాయి. మన ఊళ్లోనే టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాల ఉంది. ఆ సంప్రదాయంలో విగ్రహాల కొలతల పద్ధతి పేరు తాళమానం, అందులో ఉత్తమ దశతాళం అనే కొలతలో నిలువెత్తు 124 అంగుళాలు. ఇక్కడ అంగుళం అంటే ఇంచి కాదు, మూర్తి ఎత్తును సమానంగా విభజించిన ఒక భాగం. బ్లెండర్‌లో 124 గళ్ల కొలబద్దను, దాని పక్కన తలల లెక్క కొలబద్దను తయారుచేసి ఒకే ఫైలులో ఉంచాను. దేవతామూర్తి చెక్కేటప్పుడు మొదటిది, మామూలు మనిషిని చెక్కేటప్పుడు రెండోది తెరుస్తాను. అడిగిన జూనియర్లకు ఆ ఫైలు ఇస్తున్నాను.