ఎటిమాన్‌లైన్: ‘డిస్మల్’ కోసం తెరిచి చూడండి

ఇంగ్లిష్ మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే సైట్లలో నేను ఎక్కువగా వాడేది ఎటిమాన్‌లైన్. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ తయారుచేసిన నిఘంటువు. ఉచితం. యాప్ కూడా ఉంది.

నేను హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. మన టీమ్ చిత్తుగా ఓడితే చాలు, మర్నాడు ఇంగ్లిష్ పేపర్లో ‘డిస్మల్’ ఉంటుంది. దిగులు పుట్టించేది, కళ తప్పినది అని అర్థం. పిల్లలేమో డిస్‌లైక్‌లో ఉన్న ‘డిస్’ ఇందులోనూ ఉందనుకుంటారు. కానే కాదు. సైట్లో వెతికితే లాటిన్ ‘డియెస్ మాలి’ దగ్గర తేలతాం. అంటే చెడ్డ రోజులు. అది పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌కి చేరింది. మధ్యయుగాల యూరప్ క్యాలెండర్లలో నెలకు రెండేసి, ఏడాదికి 24 రోజులు అశుభమని గుర్తుపెట్టేవారు. ఈజిప్టు జ్యోతిష్కులు లెక్కగట్టారన్న నమ్మకం కొద్దీ వాటిని ‘ఈజిప్టు రోజులు’ అని కూడా అనేవారు. జనవరి 1 కూడా అందులో ఉంది, మనం కేకులు కోసే రోజు! వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకునే ఇళ్లలో పెరిగిన మా పిల్లలకు ఈ పాఠం ఇట్టే ఎక్కేసింది. రోజులకే పరిమితమైన ఈ మాటను 1590ల నుంచి దిగులుగా ఉండే దేనికైనా వాడుతున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాతి మెట్టు. ‘డియెస్’ మూలం పట్టుకుని ఇంకా వెనక్కి వెళ్తే ‘ప్రకాశించు’ అనే ధాతువు వస్తుంది. సంస్కృతంలోని ‘దేవ’ కూడా దాని సంతానమే. మన దివసం, దేవుడు, వాళ్ల డిస్మల్ ఒకే ఇంటివన్నమాట. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ కూడా తలెత్తింది.

అయితే ఆ ధాతువుల ముందు చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అది ఎక్కడా రాతలో దొరికిన రూపం కాదు, భాషావేత్తలు పోల్చి చూసి ఊహించి కట్టిన రూపం అని దానర్థం. కొత్తవాళ్లకు ఈ సంగతి ముందే తెలిసుండాలి. ఇప్పటి అర్థం, వాక్యంలో వాడుక కావాలంటే మాత్రం మామూలు డిక్షనరీయే దిక్కు. ఇది ఆ పనికి పెట్టింది కాదు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. డీఎస్సీకి చదివేవాళ్లు మాత్రం టైం చూసుకుని తెరవండి. ఒక మాట కోసం వెళ్తే పది మాటలు చదివిగానీ బయటికి రారు.