ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మూసేయాలంటే: స్ట్రైక్ ఆఫ్ మేలా, లిక్విడేషన్ మేలా?

కొట్టుకి షట్టర్ దించి తాళం వేస్తే మూసేసినట్టే. కంపెనీ అలా కాదు. ఆఫీసు ఖాళీ చేసి, బోర్డు పీకేసి, భాగస్వాములు ఎవరి దారి వాళ్లు చూసుకున్నా కంపెనీల రిజిస్ట్రార్ లెక్కలో అది బతికే ఉంటుంది. బ్యాలెన్స్ షీటు, వార్షిక రిటర్ను దాఖలు చేయకపోతే ఒక్కోదానికి రోజుకి 100 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది. దానికి పరిమితి కూడా లేదు. రెండూ కలిపితే ఏడాదికి 73,000. వరుసగా మూడేళ్లు ఎగ్గొడితే డైరెక్టర్లపై ఐదేళ్ల అనర్హత. 2017లో రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసినప్పుడు చాలామందికి ఈ సంగతి అప్పుడే తెలిసింది. అందుకే 'అలా వదిలేద్దాం' అనేదాన్ని నేను లెక్కలోకే తీసుకోను.

ఎక్కువమంది వెళ్లేది స్ట్రైక్ ఆఫ్‌కే, అంటే కంపెనీల చట్టం 248వ సెక్షన్ కింద రిజిస్టరు నుంచి కంపెనీ పేరు కొట్టించేయడం. రెండు ఆర్థిక సంవత్సరాలుగా వ్యాపారం లేకపోయినా, పెట్టిన ఏడాదిలోపు అసలు మొదలే కాకపోయినా ఎస్‌టీకే-2 ఫారం వేయొచ్చు. రుసుము 10,000. 2023 మే నుంచి ఈ దరఖాస్తులన్నీ మానేసర్‌లో కంపెనీల మూసివేత కోసమే పెట్టిన సీ-పేస్ కేంద్రమే చూస్తోంది. వ్యాపారం ఆగిన సంవత్సరం దాకా పెండింగ్ రిటర్నులు వేయాలి, అప్పులన్నీ ముందే తీర్చాలి, ప్రతి డైరెక్టరూ ఇండెమ్నిటీ బాండు (తర్వాత ఏ బాకీ బయటపడ్డా భరిస్తానన్న హామీ పత్రం), అఫిడవిట్ ఇవ్వాలి. డైరెక్టరు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే అక్కడి నోటరీ, అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర) తతంగం అదనం.

చవకైన దారే, కాదనను. కానీ పేరు కొట్టేసినంత మాత్రాన బాధ్యత పోదు. డైరెక్టర్లు, వాటాదారుల మీద ఉన్న బాధ్యతలు కంపెనీ రద్దు కానట్టే కొనసాగుతాయని చట్టం తేటగా చెప్తోంది. అంతేనా, అప్పు ఇచ్చినవాడు గెజిట్ ప్రకటన నుంచి 20 ఏళ్లలోపు ఎన్‌సీఎల్‌టీకి, అంటే జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్‌కి వెళ్లి కంపెనీని మళ్లీ లేపించొచ్చు. మన పిల్లలు డిగ్రీ చదివే నాటికి కూడా పాత బాకీ తలుపు తట్టొచ్చన్నమాట.

లిక్విడేషన్ దారి వేరు, ఆస్తులు అమ్మి లెక్కలు తేల్చి మరీ మూయడం. దివాలా కోడ్ 59వ సెక్షన్ కింద, అప్పులు తీర్చే సత్తా కంపెనీకి ఉందని డైరెక్టర్లలో అత్యధికులు ప్రమాణ పత్రం ఇస్తారు. అప్పులుంటే, అప్పు ఇచ్చినవాళ్లలో విలువ ప్రకారం మూడింట రెండొంతులవాళ్లు ఒప్పుకోవాలి. ఈ పనికి పెట్టుకున్న లిక్విడేటరు ఇంగ్లిషు పత్రికలోనూ, స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన ఇచ్చి, కంపెనీ నుంచి బాకీ రావాల్సినవాళ్లని 30 రోజుల్లో ముందుకు రమ్మంటాడు. ఆస్తులు అమ్మి, అందరికీ కట్టి, మిగిలింది వాటాదారులకు పంచుతాడు. ఈ పని 90 రోజుల్లో, అప్పు ఇచ్చినవాళ్ల ఆమోదం అవసరమైతే 270 రోజుల్లో ముగియాలన్నది నిబంధన. ఆ తర్వాత ట్రిబ్యునల్ రద్దు ఉత్తర్వు కోసం ఎదురుచూపు వేరే. లిక్విడేటరు ఫీజు, ప్రకటనలు, వాయిదాలు చూస్తే చిన్న కంపెనీకి కళ్లు తిరుగుతాయి. కానీ బాకీలు అడగాల్సినవాళ్లని పిలిచి అడిగాకే మూస్తున్నాం కదా, ఆ నిశ్చింతకే ఆ ఖర్చు.

డార్మెంట్ హోదా అని మూడోది ఉంది. ఎంఎస్‌సీ-1 వేసి నిద్రపుచ్చడం. ఏటా ఓ రిటర్ను తప్పదు. ఐదేళ్లు దాటినా లేవకపోతే రిజిస్ట్రారే తొలగింపు మొదలెడతాడు. నిజంగా మళ్లీ మొదలెట్టే ఆలోచన ఉంటే సరే. మనసొప్పక వాయిదా వేయడానికైతే దండగ.

నా మాట అడిగితే: ఇద్దరు స్నేహితులు పెట్టి, నాలుగు ఇన్వాయిస్‌లతో ఆగిపోయిన కంపెనీకి స్ట్రైక్ ఆఫ్ చాలు. స్థలమో, బ్యాంకులో పెద్ద మొత్తమో, బయటి పెట్టుబడిదారులో, పాత ఉద్యోగుల గ్రాట్యుటీ తగాదాలో ఉంటే లిక్విడేషన్‌కే వెళ్లండి. ఆస్తి ఉండగా పేరు కొట్టించుకుంటే, ఆ ఆస్తి చేతికి రావడానికి మళ్లీ ట్రిబ్యునల్ మెట్లెక్కాలి.

ఏ దారైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దయ్యాక మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్ను వేయడం మరిచిపోవద్దు. ఆదాయపు పన్ను రీఫండ్ రావాల్సి ఉంటే, అది పడేదాకా బ్యాంకు ఖాతా మూయకండి.