రానివ్వడం తెలుసు, పోనివ్వడం తెలియదు: సీతారామ కల్యాణానికి కుదుర్చుకున్న జన నియంత్రణ సేవపై సమీక్ష

వనస్థలిపురంలోని మా కాలనీ మైదానంలో ఏటా జరిపే సీతారామ కల్యాణానికి ఈసారి మొట్టమొదటగా జన నియంత్రణ బాధ్యతను ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించాము. ఇన్నేళ్లుగా ఆ పనిని మా కాలనీ కుర్రాళ్లే ఒక పొడవాటి మోకుతో, రెండు విజిళ్లతో, మిగతాది రాముడి మీద భారం వేసి నెట్టుకొచ్చారు. 2025 నవంబరులో ఏకాదశి నాడు కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో మెట్ల దారి రెయిలింగు విరిగి తొమ్మిది మంది భక్తులు చనిపోయాక, కమిటీలోని పెద్దవాళ్లే ఇక మోకుతో పని జరగదని తేల్చారు. నలభై మంది సిబ్బంది, బ్యారికేడ్లు, వాకీటాకీలు, ఒక సూపర్‌వైజరు కలిపి 95,000 రూపాయలకు బేరం కుదిరింది. కమిటీ కోశాధికారిగా ఆ డబ్బు నా చేతి మీదుగానే వెళ్లింది కాబట్టి, ఇలాంటి సేవ తీసుకోవాలనుకునే ఇతర కాలనీల వారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయడం లేదు.

ఉత్సవానికి ఇరవై రోజుల ముందే సూపర్‌వైజరు టేపు పట్టుకొని వచ్చి మైదానమంతా కొలిచాడు. ఎంతమంది వస్తారని అతను మమ్మల్ని అడగలేదు, ఎంతమంది పడతారో లెక్కగట్టాడు. నాకు అతనిపై గురి కుదిరింది అక్కడే. మైదానం అరవై మీటర్ల పొడవు, యాభై మీటర్ల వెడల్పు. వేదిక, వంటశాల, పానకం కౌంటర్లు, అంబులెన్సు కోసం ఖాళీగా వదలవలసిన దారి తీసివేస్తే జనానికి మిగిలేది సుమారు 1,800 చదరపు మీటర్లు. కింద కూర్చునే కార్యక్రమం కనుక చదరపు మీటరుకు ఇద్దరి చొప్పున 3,600 మంది. దాన్ని అతను 3,500కు కుదించి, ఆ అంకె దాటితే గేటు మూస్తామని ఒప్పంద పత్రంలోనే రాయించాడు.

కల్యాణం చూడవచ్చిన వారిని వెనక్కి పంపడం పాపమని మా వాళ్లు కొందరు వాదించారు. అతను చెప్పిన సమాధానం ఇక్కడ రాయదగినది. నిలబడిన గుంపులో చదరపు మీటరుకు నలుగురి వరకు మనిషి తన అడుగు తాను వేయగలడు. ఐదుగురు దాటితే పక్కవారి కదలికే తన కదలిక అవుతుంది. ఆరేడుగురికి చేరితే గుంపు నీళ్లలా అలలు అలలుగా ఊగుతుంది, అప్పుడు ఎంతటి బలవంతుడైనా కాళ్లు నిలదొక్కుకోలేడు. అటువంటి చోట ఎక్కువ మంది కాళ్ల కింద పడి చనిపోరు. ఛాతీ మీద ఒత్తిడి పెరిగి, నిలబడిన చోటే ఊపిరాడక చనిపోతారు. మన భాషలో దీనికున్న 'తొక్కిసలాట' అనే మాట వల్లనే కాబోలు, జనం ఒకరినొకరు తొక్కుకున్నారని తప్పంతా జనం మీదికి తోసివేయడం మనకు అలవాటయింది.

కల్యాణం రోజున ప్రవేశం నిర్వహించిన తీరును మెచ్చుకోకుండా ఉండలేను. క్యూను మెలికలు తిప్పకుండా రోడ్డు పక్కన నీడలో సాగదీసి, మధ్యమధ్య మంచినీళ్లు పెట్టారు. గేటు దగ్గర ఇద్దరు అమ్మాయిలు చేతిలోని లెక్కింపు యంత్రాన్ని మనిషికొకసారి నొక్కుతూ నిలబడ్డారు. చిన్నపిల్లల మణికట్టుకు తల్లిదండ్రుల ఫోను నంబరు రాసిన పట్టీలు కట్టారు. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు అంకె 3,500కు చేరగానే గేటు మూసి, బయట రోడ్డు మీద పెట్టిన పెద్ద తెరకు కల్యాణం ప్రసారం కలిపారు. సరిగ్గా అప్పుడే ఒక నాయకుడి అనుచరుడు వచ్చి, "అన్న మనుషులం, ఇరవై మందిమే ఉన్నం, పంపియ్యి" అన్నాడు. గేటు దగ్గరి కుర్రాడు గొంతు పెంచకుండా, "అన్నా, లోపటికెళ్లి ఇరవై మంది బయటికొచ్చినంక మీరే ముందు" అని చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మా కాలనీ కుర్రాడైతే ఆ మాట అనగలిగేవాడు కాదు.

తలంబ్రాల దగ్గర జరిగిన పొరపాటు మాత్రం సంస్థది కాదు, మాదే. అభిజిత్ లగ్నం దాటి తలంబ్రాల ఘట్టం ముగియగానే మా కమిటీ సభ్యుడొకరు మైకు అందుకొని, ముత్యాల తలంబ్రాలు కావలసిన వారు వేదిక దగ్గరకు రావాలని ప్రకటించారు. కూర్చున్న జనమంతా ఒక్కసారిగా లేచారు. కూర్చున్నప్పుడు చదరపు మీటరుకు ఇద్దరుగా ఉన్నవాళ్లు, లేచి ఒకే వైపు జరిగితే వేదిక ముందు ఎంతమంది అవుతారో మాకెవరికీ తట్టలేదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ చీర కొంగు బ్యారికేడు కొక్కేనికి చిక్కుకుంది. ఆమె వంగి తీసుకోబోతుంటే వెనుక నుంచి వచ్చిన ఒత్తిడికి తల పైకెత్తలేకపోయింది. సూపర్‌వైజరు పళ్లేలు వెంటనే వేదిక వెనక్కి తీయించి, మైకు లాక్కున్నంత పని చేసి, తలంబ్రాలు కూర్చున్న చోటికే వస్తాయని మూడుసార్లు చెప్పాడు. ఒక మహిళా సిబ్బంది బ్యారికేడు దూకి కొంగు విడిపించింది. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్న జనం గేటు తెరవగానే ఒక్కసారిగా ముందుకు తోసుకురావడంతో ఆరుగురు మరణించారు. గంటల తరబడి కుదురుగా ఉన్న గుంపును చెదరగొట్టడానికి ఒక గేటు, ఒక ప్రకటన చాలు. మైకు ఎవరి చేతిలో ఉండాలో ఒప్పందంలో రాసుకోలేదు.

ఇక నిష్క్రమణ. సంస్థకు నేను మార్కులు తగ్గించేది ఇక్కడే, గట్టిగానే తగ్గిస్తాను. ప్లానులో మూడేసి మీటర్ల గేట్లు రెండు చూపించారు: పడమర గేటు, తూర్పు గేటు. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది దాటగలరని బ్రిటన్ స్టేడియాల భద్రతా మార్గదర్శి చెబుతుంది. ఆ లెక్కన రెండు గేట్లూ తెరిచి ఉంటే 3,500 మంది ఏడు నిమిషాల్లో, ఒక్కటే ఉంటే పద్నాలుగు నిమిషాల్లో వెళ్లిపోవాలి. మాకు యాభై నిమిషాలు పట్టింది. తూర్పు గేటుకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న వాచ్‌మన్ భోజనానికి వెళ్లాడు. ఇరవై రోజుల ముందు టేపుతో కొలిచిన మనిషి ఆ ఉదయం ఒక్కసారి తాళం తీసి చూసుకోలేదు.

పడమర గేటు దగ్గర అసలు ఇబ్బంది చెప్పులు. చెప్పుల స్టాండును లోపలికి వచ్చేటప్పుడు వీలుగా ఉంటుందని గేటుకు ఆనుకొని కుడి పక్కన పెట్టారు. వెళ్లేటప్పుడు ప్రతి మనిషీ ఆ ఇరుకులోనే ఆగి, వంగి, తన జత వెతుక్కొని, ఒక చెప్పు దొరికి రెండోది దొరకక పక్కవాళ్ల కాళ్ల మధ్య చూస్తూ నిలబడ్డాడు. మూడు మీటర్ల గేటులో కదిలే దారి మీటరు కూడా మిగలలేదు. ఎండ నడినెత్తిన ఉంది, కాలే సిమెంటు మీద వట్టి కాళ్లతో నిలబడలేక వెనుక వాళ్లు ముందుకు తోస్తున్నారు. సరిగ్గా ఆ సమయంలో సిబ్బందిలో సగానికి పైగా మా వంటశాల దగ్గర పులిహోర తింటున్నారు. వాళ్ల ఆకలి తప్పని నేననను, ఉదయం ఆరు నుంచి నిలబడ్డారు. అయితే వంతులవారీగా తినిపించడం సూపర్‌వైజరు పని. చివరికి మా కుర్రాళ్లే చెప్పులన్నీ గోనె పట్టాల మీదికి ఎత్తి రోడ్డు అవతల పరిచారు. ఎవరికీ దెబ్బలు తగలలేదు.

నలభై మంది అన్నచోట హాజరు పట్టీలో ముప్పై ఒక్క సంతకాలే ఉన్నాయి. అడిగితే తొమ్మిది మంది జీతం బిల్లులో తగ్గించారు, వాదించలేదు.

మొత్తం మీద ప్రవేశానికి ఐదుకు ఐదు, ఆపద వేళ స్పందనకు నాలుగు, నిష్క్రమణకు ఒకటి ఇస్తాను. వచ్చే ఏడు మళ్లీ వీళ్లనే పిలవాలని కమిటీలో నేను చెప్పాను, మూడు షరతులతో. మైకు దగ్గర వాళ్ల మనిషి ఒకరు ఉండాలి. జనం వెళ్లిపోయే ముప్పావు గంటలో సిబ్బంది ఎవరూ గేటు వదలకూడదు. చెప్పుల స్టాండును గేటుకు ఇరవై మీటర్ల దూరంలో, ఆరు చోట్లుగా, టోకెన్లతో పెట్టాలి. మూడింటికీ ఒప్పుకొని కొత్త ప్లాను గీసి పంపారు. తూర్పు గేటు తాళంచెవి ఆ రోజు ఎవరి జేబులో ఉంటుందన్న నా ప్రశ్నకు మాత్రం ఇంకా సమాధానం రాలేదు.