రీబిల్ట్ షాక్ అబ్జార్బర్ మళ్లీ లీకైతే ఏది మేలు?

ఎంజీబీ, మోరిస్ మైనర్ లాంటి పాత కార్లకు లివర్ ఆర్మ్ షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. అంటే ఆయిల్ నిండిన యూనిట్, దాని షాఫ్ట్‌కి బిగించి చక్రంతో పాటు కదిలే ఒక ఆర్మ్. రీబిల్ట్ (పాతదాన్ని బాగుచేసింది) అని కొని బిగించాక కొన్నాళ్లకే షాఫ్ట్ పక్క నుంచి ఆయిల్ కారుతోందా? ఆయిల్ నింపుకుంటూ నడపొచ్చు, వెనక్కిచ్చి సరిగ్గా చేసింది తెచ్చుకోవచ్చు, టెలిస్కోపిక్ (గొట్టం ఆకారపు) షాక్‌ల కిట్‌కి మారొచ్చు.

ఏదీ తేల్చుకోకముందే ఆర్మ్ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. మామూలుగా తిరిగే దిశలో కాదు, షాఫ్ట్‌కి అడ్డంగా. ప్లే (వదులు) ఉందంటే షాఫ్ట్ తిరిగే బోర్ (రంధ్రం) అరిగిందన్నమాట. అలా ఊగే షాఫ్ట్ మీద ఎంత మంచి సీల్ వేసినా ఆయిల్ ఆగదు. బోర్‌ని మెషిన్ చేసి బుష్ (లోపలి తొడుగు) వేయాలి, షాఫ్ట్‌ని నునుపు చేయాలి, సీల్ ఆ తర్వాతి సంగతి. పాతదాన్ని కడిగి, రంగేసి, ఆయిల్ పోసి రీబిల్ట్ అని అమ్మేవాళ్లంటే నాకు కోపం. ఎందుకంటే ఈ రెండు కార్లలోనూ ముందు చక్రాల దగ్గర ఆ ఆర్మే సస్పెన్షన్ పై లింకు. అక్కడ ప్లే వస్తే చక్రం వాలు మారిపోతుంది, స్టీరింగ్ నిలకడ తప్పుతుంది. కాబట్టి ప్లే ఉంటే వెనక్కి పంపాల్సిందే.

ప్లే లేదు, కానీ ఆర్మ్ కొంత మేర అడ్డులేకుండా జారుతోందంటే లోపల గాలి ఉండొచ్చు. దీనికి ఆయిల్ చాలు. యూనిట్‌ని నిటారుగా పెట్టి నింపి, ఆర్మ్‌ని నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకి కదుపుతూ ఉంటే గాలి పోతుంది. ఈ షాక్‌ల కోసం అమ్మే ఆయిల్ దొరకకపోతే 20 గ్రేడ్ ఫోర్క్ ఆయిల్ వాడేవాళ్లు చాలామంది. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం వద్దు, సీళ్లు పాడవుతాయి.

టెలిస్కోపిక్ వెనక చక్రాలకైతే మంచిదే. ముందు వైపు కిట్లలో చాలావాటికి పాత యూనిట్‌నే పై లింకుగా ఉంచేస్తారు. అంటే అరిగిన బోర్ అక్కడే ఉంటుంది, ఖర్చు మాత్రం అవుతుంది.

ఎంజీబీ ముందుది విప్పేటప్పుడు కింద స్ప్రింగ్ పాన్‌కి (స్ప్రింగ్ కూర్చునే పళ్లేనికి) జాక్ పెట్టడం మరవకండి. ఆసరా లేకుండా పై లింకు ఊడదీస్తే స్ప్రింగ్ ఒక్కసారిగా తన్నుతుంది. బదులుగా వచ్చినదాన్ని బిగించే ముందే వైస్‌లో పట్టి కదపండి. రెండు దిశల్లోనూ మొదటి నుంచి చివరిదాకా అడ్డు తెలియాలి. తెలియకపోతే, బిగించకుండానే దాన్నీ తిప్పి పంపండి.