తెల్ల మచ్చల జబ్బు, మా ట్యాంకు హీటరు: చాలాకాలం వాడాక

చలికాలంలో నీళ్లు గోరువెచ్చగా ఉంచడం ఏ హీటరైనా చేస్తుంది. నేను మా చేపల ట్యాంకులోని ఈ హీటరుని నెత్తిన పెట్టుకున్నది చేపలకి తెల్ల మచ్చల జబ్బు వచ్చినప్పుడు చేసిన మేలుకి.

హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రుళ్లు నీళ్లు ఒక్కసారిగా చల్లబడితే చాలు, మాలీ చేపల తోకల మీద రవ్వ చల్లినట్టు చుక్కలు తేలేవి. రెక్కలు ముడుచుకుని, గులకరాళ్లకి ఒళ్లు రాసుకుంటూ తిరిగేవి. షాపువాళ్లు ఇచ్చే నీలం మందు పోస్తే నీళ్లు రంగు మారేవి, ట్యాంకు మూలల్లో అతికించిన సిలికాన్‌కి కూడా ఆ రంగు పట్టేది. చుక్కలు పోయేవి, మళ్లీ వచ్చేవి.

ఎందుకంటే ఆ చుక్కలోని పరాన్నజీవి చేప చర్మం కింద ఉన్నంతకాలం మందు దాన్ని తాకలేదు. పెరిగాక రాలి అడుగున పడుతుంది, పొర కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. అవి కొత్త చేప కోసం ఈదే ఆ ఒకటి రెండు రోజుల్లోనే మందుకి దొరుకుతాయి. చల్లటి నీళ్లలో ఇదంతా వారాల తరబడి సాగుతుంది. 25 డిగ్రీల దగ్గర వారంలోపే ముగుస్తుంది. 30 దగ్గర వీటిలో చాలావాటికి సంతతి పెరగడమే ఆగిపోతుంది.

అందుకే హీటరు 30కి పెట్టాను, ఒక్కసారిగా కాదు, కొన్ని గంటలకో డిగ్రీ చొప్పున. లీటరుకి 2 గ్రాముల లెక్కన రాళ్ల ఉప్పు విడిగా నీళ్లలో కరిగించి, రెండు విడతలుగా పోశాను. రోజూ పైపుతో అడుగు నీళ్లు లాగేశాను. వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడవాల్సిందే. మచ్చలు పోయాక కూడా మరో వారం పైనే అలాగే ఉంచాను. ఆ చలికాలమంతా జబ్బు మళ్లీ కనబడలేదు. ఎంత సంతోషమేసిందో!

తర్వాతి చలికాలంలో మాత్రం ఇదే హీటరు గుండె ఆగినంత పని చేసింది. తెల్లవారుజామున అమ్మ పూజకి లేచి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని పిలిచింది. వెళ్లి చూస్తే హీటరు ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, డయల్ మాత్రం 26 మీదే ఉంది. థర్మామీటరు 34 చూపిస్తోంది. లోపలి థర్మోస్టాట్ ఇరుక్కుపోయి, కరెంటు ఆపడం మానేసింది. ప్లగ్గు పీకేసి, మామూలు నీళ్లు చెంబుతో కొంచెం కొంచెంగా కలుపుతూ కూర్చున్నాం. గప్పీ చేపలు తేరుకున్నాయి. ఓ నల్ల మాలీ మొప్పలు వేగంగా కొట్టుకుంటూ, మధ్యాహ్నానికి పోయింది. కంపెనీకి రాస్తే వారంటీ దాటిపోయిందన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు.

పారేయలేదు, మరమ్మతు చేయించలేదు. అదే బ్రాండు కొత్తది కొని, విడిగా ఓ టెంపరేచర్ కంట్రోలర్ సాకెట్‌కి తగిలించాను. హీటరు మొరాయిస్తే అది కరెంటు కట్ చేస్తుంది. పాతది నీళ్లు మార్చేటప్పుడు బకెట్లో నీళ్లు వేడిచేయడానికి పనికొస్తోంది, అదీ పక్కనే ఉండి.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆనాడు జబ్బు తగ్గించింది వేడో ఉప్పో తేల్చి చెప్పలేను. వేడికి లొంగని రకాలూ ఉంటాయి. అప్పుడు మందు తప్పదు. నా ట్యాంకు 60 లీటర్లు, మాలీలూ గప్పీలూ. ఉప్పు వీటికి హాయి. ట్యాంకులో మొక్కలు నిండా ఉన్నవాళ్లు, లోచ్, క్యాట్‌ఫిష్ రకం చేపలు పెంచేవాళ్లు ఆ మోతాదు ఉప్పు పోయకండి. గోల్డ్‌ఫిష్‌కి 30 డిగ్రీలు ఎక్కువ కాలం ఉంచడం నాకు ధైర్యం చాలదు. కోస్తాలో చలి అంతగా లేని ఊళ్లలో హీటరు కన్నా మంచి థర్మామీటరు ముందు కొనమంటాను.